దేవనహళ్ళిలో సిమ్యులేటర్ పరీక్ష, మధ్యలో ఒక వానమబ్బు

కమర్షియల్ పైలట్ లైసెన్స్ నా చేతికి వచ్చి మూడేళ్ళయింది. ఉద్యోగం మాత్రం రాలేదు. బత్తలపల్లెలో బస్సు దిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు "ఏమ్మా, విమానం యాడ పెట్టినావు?" అని అడిగేవాళ్ళు. "స్టాండు వేసి వచ్చినాలే" అనేదాన్ని. నవ్వుతూనే అనేదాన్ని గానీ లోపల మండేది. అట్లాంటిది పోయిన శ్రావణంలో ఒక ఎయిర్‌లైన్ నుంచి పిలుపు వచ్చింది. రాతపరీక్ష పాసయ్యావు, బెంగళూరు దగ్గర సిమ్యులేటర్ పరీక్షకూ ఇంటర్వ్యూకూ రమ్మని. ఇందులో తప్పితే ఏడాది దాకా ఆ కంపెనీకి మళ్ళీ అప్లై చేసుకునే వీలు లేదు. ఇది కూడా పోతే విమానాల సంగతి వదిలేసి బ్యాంకు కోచింగ్‌లో చేరతానని ఇంట్లో చెప్పేశాను. మన పక్క నుంచి ఇట్లాంటి పరీక్షకు పోయేవాళ్ళకు పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

సిమ్యులేటర్ అంటే అచ్చం విమానం ముందుభాగం లాంటి చిన్న గది. అద్దాల అవతల తెర మీద రన్‌వే, ఆకాశం కనబడతాయి. వెనక కూర్చున్న పరీక్షకుడు బటన్ నొక్కితే ఇంజన్ ఆగిపోతుంది, మంచు కమ్ముతుంది, వాన వస్తుంది. ప్రాక్టీసుకు దాన్ని గంటల లెక్కన అద్దెకిస్తారు. ఆ రేటు వింటేనే జ్వరం వస్తుంది. అందుకని శెనక్కాయ మూటలు పెట్టే గదిలో గోడకు కాక్‌పిట్ పోస్టర్ అంటించి, ముందర ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని చేతులు గాల్లో ఆడిస్తూ ప్రాక్టీసు మొదలుపెట్టాను. పక్క పైలట్ పలకాల్సిన మాటలు పలకడానికి మా వదిన కూర్చునేది. ధర్మవరం మగ్గాల ఇంటి పిల్ల, చదివింది పదో తరగతి. అన్నీ తెలుగులో రాసిచ్చాను. "పాజిటివ్ క్లైంబ్", అంటే విమానం పైకి లేస్తోందని ఆమె గట్టిగా చదివితే, "గేర్ అప్", అంటే చక్రాలు లోపలికి అని నేను పోస్టర్ మీద చెయ్యి పెట్టేదాన్ని. వీధిలో పోయేవాళ్ళు కిటికీలోంచి తొంగి చూసి, ఏమీ అడక్కుండా పోయేవాళ్ళు.

ఒకరోజు వదిన ప్రశ్న చదివింది. "ముందర పెద్ద ఉరుముల మబ్బు ఉండాది. ఏం జేస్తావు?" నేను నోరు తెరిచేలోపలే కాగితం ఒళ్ళో పెట్టుకుని, "ఇదేం ప్రశ్న పాపా? మబ్బుంటే మంచిదే కదా. పోనీ దాంట్లేకే" అంది. కడుపు పట్టుకుని నవ్వాను. నవ్వానే గానీ ఆమె అన్నదాంట్లో తప్పేముంది? విత్తనం వేసినాక మా చేనుకు చినుకు పడలేదు. సాయంత్రమయితే ఇంటిల్లిపాదీ బయట నిలబడి ఆకాశం వైపు చూడడమే పని.

పరీక్ష పొద్దున పదింటికి. ముందురోజే బయల్దేరాను, మీరూ అట్లే చేయండి. బత్తలపల్లె నుంచి ధర్మవరానికి షేర్ ఆటోలో వెళ్ళి, తొమ్మిది ప్రాంతంలో బెంగళూరు బస్సు పట్టుకున్నాను. టికెట్ మూడొందల లోపే. పెనుకొండ దగ్గరికి వచ్చేసరికి పడమర దిక్కు నల్లగా మబ్బు కమ్ముకుంది. బస్సులో సగం మంది ఫోన్లు పక్కనపెట్టి అటే చూశారు. నా ముందు సీటాయన "ఏమప్పా, ఈసారన్నా పడుతుందంటావా?" అని డ్రైవర్ని అడిగాడు. "యాడిదిలే అన్నా, మనకు చూపిచ్చి పోతాండాది. ఆడ కర్ణాటకలో కురుస్తాది" అన్నాడు డ్రైవర్. బాగేపల్లిలో ఇరవై నిమిషాలు ఆపితే రెండు ఇడ్లీ తిన్నాను, రుచి గుర్తులేదు.

బెంగళూరు నడిమధ్య మెజెస్టిక్ బస్టాండు దాకా పోకండి. విమానాశ్రయం చుట్టుపక్కల పనుంటే దేవనహళ్ళి బైపాస్‌లోనే దిగిపోవచ్చు, రెండు గంటల ట్రాఫిక్ తప్పుతుంది. పన్నెండొందలకు లాడ్జి దొరికింది. సాయంత్రం ఆటో మాట్లాడుకుని శిక్షణ కేంద్రం ఎక్కడుందో ముందే చూసి వచ్చాను. ఆ పక్క చాలామందికి తెలుగు వస్తుంది. ఆటో ఆయన గేటు ముందర ఆపి, "ఈడ విమానం నడిపేది నేర్పిస్తారంట. మీవాళ్ళెవరన్నా ఉండారా?" అన్నాడు. "పరీక్ష నాకే అన్నా" అన్నాను. అద్దంలోంచి ఒకసారి బాగా చూశాడు. "అట్లయితే రేపు తొమ్మిదికి నేనే వస్తా. ఇంకెవర్నీ పిలవొద్దు." చెప్పినట్టే వచ్చాడు.

నాతో జోడీగా కూర్చున్నది నాగపూర్ అబ్బాయి. నేను నడిపేటప్పుడు అతను సాయం, అతను నడిపేటప్పుడు నేను. వెనకాల కెప్టెన్, తలంతా నెరిసిన మనిషి, మాట పొదుపు. టేకాఫ్ బాగానే అయింది. అనుకున్నట్టే ఒక ఇంజన్ ఆపేశాడు. వదినతో కూర్చుని చేసిందంతా చేతుల్లోకి దానంతటదే వచ్చేసింది, నాకే ఆశ్చర్యం. ఇంజన్ మళ్ళీ ఇచ్చాడు. ఇక దిగడమే మిగిలింది అనుకుంటుండగా ఎదుట తెర మీద నల్లటి మబ్బు లేచింది, రాడార్‌లో ఎర్రగా. పైలట్ అయినవాడు దాన్ని చూడగానే పక్కకు తిప్పుకోవాలి. నేనేం చేశానో తెలుసా? "అబ్బ, మబ్బు పట్టిండాది" అన్నాను, ముఖం నిండా నవ్వుతో. విమానం తిన్నగా దాని మీదికే పోతోంది. నాగపూర్ అబ్బాయి మెల్లగా, "ముందు వాతావరణం బాగాలేదు, కుడికి తిప్పితే మంచిది" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది నేనెక్కడున్నానో. కంట్రోల్ టవర్‌ను అనుమతి అడిగి కుడికి తిప్పాను. ల్యాండింగ్ నున్నగా అయింది గానీ నా మనసు అక్కడ లేదు. అయిపోయింది, ఇక బ్యాంకు కోచింగే అనుకున్నాను.

మధ్యాహ్నం ఇంటర్వ్యూలో అదే కెప్టెన్ మొదటి ప్రశ్న దాని గురించే అడిగాడు. మబ్బు కనబడగానే మీ భాషలో ఏదో అన్నావు, ఏమన్నావు అని. హెచ్చరికగా అన్నానని చెప్పొచ్చు, ఆయనకు తెలుగు రాదు. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకో ఆగిపోయి ఉన్నదే చెప్పాను. "వాన వస్తోందని సంతోషపడ్డాను సార్. మాది అనంతపురం పక్క. మా ఇంట్లో మబ్బును చూసి ఎవరూ భయపడరు. నా పార్ట్‌నర్ చెప్పేదాకా నాకు స్పృహ రాలేదు. ఆయన చెప్పడం మంచిదయింది."

"రేపు నిజంగా వెనకాల ప్రయాణికులుంటే?"

"అప్పుడూ సంతోషపడతాను సార్. ఇరవై మైళ్ళు అవతలికి తిప్పుకుని, ఆ తర్వాత సంతోషపడతాను."

ఆయన నవ్వలేదు. తల ఊపి, తర్వాతి ప్రశ్నకు పోయాడు. మూడు గంటలకు ఒకమ్మాయి మమ్మల్ని ఒక్కొక్కర్నే లోపలికి పిలిచింది. సెలెక్ట్ అయ్యావు, వచ్చే వారం మెడికల్ అని చెప్పింది. కెప్టెన్ నా గురించి ఒక మాట రాశారని, చదివి వినిపించింది. తప్పు జరిగితే దాచదు, పక్కవాళ్ళు చెబితే వింటుంది అని. బయటికి వచ్చి గోడకానుకుని ఏడ్చాను. సిగ్గుపడకుండా, గట్టిగానే. నాగపూర్ అబ్బాయికి కూడా ఉద్యోగం వచ్చింది. వాడే నీళ్ళ బాటిల్ తెచ్చిచ్చాడు.

హైవే మీదికి వచ్చి అనంతపురం బస్సెక్కాను. చెన్నేకొత్తపల్లి దగ్గర దిగి ధర్మవరం పోవాలని ఆలోచన. సీట్లో కూర్చున్నది గుర్తుంది. బాగేపల్లి ఎప్పుడు దాటిందో, పెనుకొండ ఎప్పుడు పోయిందో తెలియదు. కండక్టర్ భుజం తట్టి "అమ్మా, అనంతపురం, ఇంక యాడికీ పోదు" అంటే లేచాను. అక్కడినుంచి బత్తలపల్లెకు బస్సులు బాగానే ఉంటాయి గనక సరిపోయింది. నాయనకు ఫోన్ చేశాను. బస్సెక్కే ముందు వదినకు ఫోన్‌లో చెప్పిన ఉద్యోగం సంగతి ఆమె అప్పటికే ఆయనకు చెప్పేసింది. "నిద్రపోయి అనంతపురం వచ్చేసినా నాయనా, ఆలస్యమైతాది" అన్నాను.

"రాలే నిదానంగా. మూడేండ్ల నుంచి నువ్వు సరిగ్గా పండుకుందే లేదు. నాకు తెల్దనుకున్నావా?" అన్నాడు నాయన.

ఈ పరీక్షకు పోయే ముందు నేనూ ఇంటర్నెట్ అంతా వెతికాను, ఏం అడుగుతారు, ఏం చెప్పాలి అని. ఇంజన్ ఆగితే ఏం చేయాలో చదివితే వస్తుంది. మన ఊరు మనల్ని ఎక్కడ ఏమరుపాటులో పట్టుకుంటుందో ఏ పుస్తకంలోనూ ఉండదు. అది తప్పయిన చోట తప్పని ఒప్పుకుంటే చాలు, ఊరిని దాచిపెట్టుకోనక్కర్లేదు. ఇంత తేలిగ్గా నేను ఊపిరి పీల్చుకుని ఎన్నాళ్ళయిందో. చివరిగా ఒక్క సలహా. తిరుగు బస్సులో కూర్చునే ముందే కండక్టర్‌కు మీరు దిగే ఊరు చెప్పి పెట్టండి. ఫలితం ఏదైనా సరే, ఆ రోజు నిద్ర మాత్రం మీ మాట వినదు.