శ్రీమతి ఓజెల్లా టేట్ బొంత

జార్జియాలో మా నల్లవాళ్ల పేటలో ఆర్డీలియా సిమ్స్ అంటే చాకిరేవు ఆర్డీలియానే. తెల్లవాళ్ల దుప్పట్లు ఉతుకుతూ పద్యాలు కట్టేది. ఒక్కటీ అచ్చుకి ఇవ్వలేదు, ఓజెల్లా బొంత ప్రదర్శనకి ఎక్కేదాకా.

ఓజెల్లా టేట్‌ది పక్కిల్లే. చిరిగిన చొక్కాల ముక్కలతో, వరద వచ్చిన ఏడాది నదిని మొత్తం బొంత మీద కుట్టిన మనిషి. ఆమె వంట చేసే ఇంటి దొరసాని దాన్ని జిల్లా ప్రదర్శనకి పంపితే జనం ఎగబడి చూశారు. కింద చీటీ మీద మాత్రం "ఓజెల్లా, వంటమనిషి" అని రాసి ఉంది. అప్పటికే మంచాన పడ్డ ఓజెల్లా ఆ సంగతి విని గోడవైపు తిరిగింది.

"అచ్చులో ఒక్కసారి శ్రీమతి ఓజెల్లా టేట్ అని చూసుకుని పోతే చాలునే," అంది ఆర్డీలియాతో.

ఆర్డీలియాకి ఒళ్లు మండిపోయింది. ఆ బొంత గురించి నాలుగు చరణాల పద్యం రాసింది. ప్రతి చరణమూ ఆ మూడు మాటలతోనే మొదలు. తీసుకెళ్లి పత్రిక ఆఫీసు దొడ్డిగుమ్మం దగ్గర నిలబడింది.

తెల్ల సంపాదకుడు చదివాడు. "బాగానే ఉందే పిల్లా. గురువారం వేస్తాను. శ్రీమతి మాత్రం తీసేస్తా. మీవాళ్ల పేర్ల ముందు అది వెయ్యం, తెలుసుగా?"

యాభై ఏళ్ల పిల్లకి తెలుసు. షికాగోలో నల్లవాళ్ల పత్రిక ఉన్నది ఉన్నట్టు వేస్తుంది గాని, నెల పడుతుంది. డాక్టరు ఓజెల్లాకి వారమే అన్నాడు.

"వెయ్యండి దొరా," అంది.

గురువారం పత్రిక పట్టుకుని ఆర్డీలియా ఓజెల్లా మంచం పక్కన కూర్చుంది. ఓజెల్లాకి చదువు రాదు, అదే ఆర్డీలియా ధైర్యం. తీసేసిన చోటల్లా శ్రీమతి చేర్చి, గొంతెత్తి చదివింది.

ఓజెల్లా కళ్లు మూసుకుని విన్నది. తర్వాత కాగితం అందుకుంది.

"నా పేరెక్కడే?"

"ఇదిగో అక్కా."

"నువ్వు మూడు మాటలు చదివావు. ఇక్కడ రెండే ముక్కలున్నాయి. ముక్కలు లెక్కపెట్టడం నాకు నేర్పకు."

ఆర్డీలియా తలవంచుకుంది.

"తెల్లోడు తీసేశాడా? నువ్వు సరేనన్నావా?"

"నువ్వు చూసుకోవాలని, అక్కా..."

"నాలుగు చోట్లా?"

"నాలుగు చోట్లా."

ఓజెల్లా కాగితం తిరిగి ఆమె చేతిలో పెట్టింది. "పొయ్యిలో పడెయ్యి. నీ నోటితో చెప్పు, వింటాను."

పద్యం ఆర్డీలియాకి కంఠతా వచ్చు. నోరు తెరిచింది. మొదటి మాటే శ్రీమతి. తాను వదిలేసి వచ్చిన ఆ మాట ఎంతకీ బయటికి రాలేదు. సిగ్గుతో ఏడ్చింది, మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ ఆగిపోయింది.

ఓజెల్లా ఆమె మొహంకేసి చూస్తూ, వినడానికి సిద్ధంగా పడుకునే ఉంది.