సింహం తల నా చేతికిచ్చిన చీనా మేస్త్రి

పోయిన మంగళవారం పొద్దున్నే కలకత్తా నుంచి ఫోన్ వచ్చింది. మా మేస్త్రి కూతురు హిందీలో, "నాన్న పోయారు. నిద్రలోనే పోయారు" అని చెప్పింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఇంటి మేడ మీద నిలబడ్డాను. ఈ రోజు నేను ఎంత ఎత్తున నిలబడినా అది ఆయన పుణ్యమే.

1976లో జగిత్యాల పక్క పల్లె నుంచి మస్కట్ పోయాను. ఆ ఊళ్ళోనే ఖురం అనే పేటలో సైట్. స్లాబులకు చెక్కలు బిగించే పని. మా మేస్త్రి కలకత్తాలో పుట్టిన చీనా మనిషి. తాతల నాటి నుంచి వడ్రంగమే వాళ్ళ వృత్తి. మండుటెండలోనూ వేన్నీళ్ళే తాగేవాడు. రంపం పెట్టే ముందు చెక్కను ఎద్దు వీపు తట్టినట్టు ఒకసారి తట్టేవాడు.

ఆ చలికాలం రెండో అంతస్తులో పలక జారి కిందపడ్డాను. ఇసుక కుప్ప మీద పడ్డాను కాబట్టి మోచెయ్యి గీసుకుపోయిందంతే. కానీ మర్నాటి నుంచి పరంజా మూడో మెట్టు దాటలేకపోయాను. అక్కడే పైపును కావలించుకుని ఆగిపోయేవాణ్ణి. ఇంజినీరు రెండు వారాలు చూశాడు.

"ఎక్కలేనోణ్ణి ఏం చేసుకోవాలె? ఇంటికి పంపిద్దాం" అన్నాడు.

ఇంటి దగ్గర నా మీద ఆరుగురు బతుకుతున్నారు. మేస్త్రే ముందుకొచ్చాడు. "మా కొత్త సంవత్సరం దాకా ఆగండి సాబ్. అప్పటికీ ఎక్కకపోతే నేనే విమానం ఎక్కిస్తా."

ఆ సాయంత్రం నుంచి ఆయన ఖర్జూరపు మట్టల ఈనెలు వంచి, సిమెంటు సంచుల కాగితం అతికించి ఓ పెద్ద తల చేయడం మొదలుపెట్టాడు. "ఇదేంది మేస్త్రీ?" అంటే, "సింహం. కొత్త సంవత్సరానికి ఆడాలె. తల నువ్వు పట్టు" అన్నాడు. మా ఊళ్ళో పీరీల పండుగకు పులివేషం కట్టినోణ్ణి, సంబరంగా ఒప్పుకున్నాను. వెనక నడుముగా ఉండడానికి మా రూమ్‌లోని కడప భాయ్ వచ్చాడు. తర్వాత తెలిసింది అసలు సంగతి. ఎత్తున వేలాడే ఆకుల కట్టను సింహం నోటితో అందుకుని, చీల్చి, జనం మీద విసరాలట. అప్పుడే అందరికీ కలిసొస్తుందట. అంటే నేను భాయ్ భుజాల మీద నిలబడాలి.

"నాతోని కాదు మేస్త్రీ."

"భయం నీది. కాళ్ళు సింహానివి. రెండూ కలపకు."

ముందు భాయ్ తొడల మీద, తర్వాత భుజాల మీద. రోజూ డ్యూటీ అయ్యాక సాధన. రెండుసార్లు భాయ్ మెడ విరగ్గొట్టినంత పని చేశాను.

పండుగకు ముందు రోజు రూమంతా మేస్త్రే కడిగాడు. తెల్లారాక మాత్రం చీపురు దాచేశాడు. ఆ రోజు ఊడిస్తే అదృష్టం కూడా బయటికి పోతుందట. తలుపుకు 'అదృష్టం' అని చీనా అక్షరం రాసిన ఎర్ర కాగితం తలకిందులుగా అంటించాడు. వాళ్ళ భాషలో 'తలకిందులు', 'వచ్చేసింది' అన్న మాటలు ఒకేలా పలుకుతాయట. అదృష్టం వచ్చేసిందని దానర్థం. రేడియో గొడవతో నెల రోజులుగా మాట్లాడుకోని ఇద్దరిని కూర్చోబెట్టి ఒకే కమలాపండు తినిపించాడు. "పాత కోపం కొత్త ఏడాదిలోకి రావద్దు" అన్నాడు.

1977లో ఆ పండుగ శుక్రవారమే వచ్చింది. సెలవు కాబట్టి క్యాంపంతా బయటే ఉంది. మలయాళీలు, పాకిస్తానీలు, బలూచీ వాచ్‌మన్లు, చివర్లో ఇంజినీరు. పరంజా పైపుకు ఆకుల కట్ట వేలాడుతోంది. మేస్త్రి ఖాళీ డీజిల్ డ్రమ్ము మీద కర్రలతో దరువు ఎత్తుకున్నాడు.

ఆడుతూ ఆడుతూ భాయ్ భుజాలెక్కాను. కిందికి చూశాను. జారి కిందికొచ్చేశాను. దరువు ఆగలేదు, నెమ్మదించింది. మేస్త్రి గట్టిగా అరిచాడు: "షేర్ సోచ్ రహా హై!"

సింహం ఆలోచిస్తోందట! అందరూ గొల్లుమన్నారు. తల లోపల నేనూ నవ్వాను. ఆ నవ్వులోనే భయం కాస్త సడలింది. "ఎక్కు తమ్ముడూ, నేనుండా" అన్నాడు భాయ్ వెనక నుంచి. దరువు ఊపందుకుంది. ఎక్కాను. నిటారుగా నిలబడ్డాను. కట్ట నోట్లోకి లాగి, చీల్చి, నలుదిక్కులా విసిరాను. కేకలు, ఈలలు! ఇంజినీరు టోపీ మీద ఓ ఆకు పడింది. ఆయన దాన్ని తీసెయ్యలేదు.

మర్నాడు పొద్దున ఎవరూ చెప్పకుండానే నాలుగో అంతస్తుకు ఎక్కాను. ఆ తర్వాత పదకొండేళ్ళు ఎన్ని అంతస్తులు ఎక్కానో గుర్తులేదు. ఆ పొద్దు మాత్రం గుర్తుంది. దూరంగా సముద్రం తళతళ మెరుస్తోంది. కింద, పిడికెడంత మనిషిగా మా మేస్త్రి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని, తల వెనక్కి వాల్చి నన్నే చూస్తూ, నోరంతా తెరిచి నవ్వుతున్నాడు.