ముఖం మాత్రం దాచారు

నాకు కంగారు పుట్టుకతో వచ్చింది. గ్యాస్ కట్టేశానో లేదో అని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చే మనిషిని. అందుకే విదేశీ డాక్యుమెంటరీ వాళ్ళకి దుబాసీగా ఉండమని శ్రీకాకుళం లాయరమ్మ అడిగినప్పుడు వద్దనే అన్నాను. "మీరుంటేనే మాట్లాడతానంటోంది ఆవిడ" అన్నారు లాయరమ్మ. ఆవిడెవరో తెలిశాక ఒప్పుకున్నాను.

నేను బొబ్బిలి కాలేజీలో ఇంగ్లీషు చెప్పిన రోజుల్లో నా జాకెట్లు కుట్టిన అక్క. కోటబొమ్మాళి వైపు మనిషి. బతుకుతెరువు కోసం వచ్చి కొట్టు పెట్టుకుందని అందరిలాగే నేనూ అనుకున్నాను. సొంత ఊళ్ళో ఆమెపై అత్యాచారం జరిగిందని, చేసినవాడికి శిక్ష పడేదాకా కోర్టు చుట్టూ తిరిగిందని, కేసు గెలిచాక కూడా ఊరి చూపులు పడలేక ఇంత దూరం వచ్చేసిందని నాకు తెలియదు. బొబ్బిలిలో ఎవరికీ తెలియదు. తెలియకూడదన్నదే ఆమె షరతు.

"మొకం సూపించకండి, గొంతు మార్సియ్యండి. అడిగిందల్లా సెప్తాను. నాలాటోళ్ళు కేసు పెట్టడానికి బయపడతన్నారు. గెలవొచ్చని ఆళ్ళకి తెలియాల" అంది. నేను ఇంగ్లీషులో చెప్పాను. వాళ్ళకి విసుగొచ్చేదాకా చెప్పాను. దర్శకురాలు గుండె మీద చెయ్యేసుకుని సరేనంది.

విజయనగరంలో మా మేడ మీది గదిలో తీశారు. నేను తుడిచి తళతళలాడించిన గదికి కిటికీలు మూసి, నల్లగుడ్డలు కట్టి, మూలన ఒక దీపం పెట్టారు. అక్క కొట్లో పట్టపగలు కూడా ట్యూబులైటు వెలగాలి, రేడియో మోగాలి. "ఇదేటమ్మా, కరెంటు పోయినట్టు సేసినారు! సూదిలో దారం కూడా ఎక్కించనేం" అని నవ్వింది. ప్రతి వాయిదాకీ ఆమె వదిన పులిహోర కట్టుకుని కోర్టుకి వెంట వచ్చేదట, కాపలా కానిస్టేబుళ్ళకి కూడా పెట్టేదట. అది చెబుతూ ఇంకా నవ్వింది. కెమెరా వాళ్ళు ఆ నవ్వు అయ్యేదాకా ఓపిగ్గా ఆగారు. తర్వాత దర్శకురాలు, ఆ రోజు సంగతి మళ్ళీ చెప్పమను, ఈసారి నెమ్మదిగా చెప్పమను, అంది. నాకు ఒళ్ళు మండింది. ఆ మాట తెలుగులోకి మార్చలేదు. "అక్కా, మంచినీళ్ళు తాగుతావా?" అన్నాను.

సినిమా బయటికొచ్చిన పొద్దున లాయరమ్మ లింకు పంపారు. కుక్కరు కూతల మధ్యే చూశాను. ముందు గేదెలు, తర్వాత చీకటి పడుతున్న పొలంగట్టు, ఎక్కడిదో డప్పు. చూసేవాళ్ళు మా ఊళ్ళకి పొద్దు పొడవదనుకోవాలి. వదిన లేదు, పులిహోర లేదు, అక్క నవ్విన చోటల్లా కత్తెర పడింది. గెలిచిన సంగతి చివర్లో ఒక్క వరుస. సరే, ముఖం మాత్రం బాగానే మసకపెట్టారు, గాజులు కూడా కనపడనివ్వలేదు. ఊపిరి పీల్చుకోబోయాను. అంతలో ఆమె నోరు విప్పింది.

అది అక్క గొంతే. ఏమీ మార్చలేదు.

ఆ విదేశీయులకది కింద ఇంగ్లీషు అక్షరాలు నడుస్తుంటే పైన వినపడే చప్పుడు. ఇక్కడ ఒక్క జాకెట్టు కుట్టించుకున్న మనిషైనా రెండు ముక్కలు వింటే చాలు, పోల్చేస్తుంది. దర్శకురాలికి మెసేజ్ పెట్టాను. ఆ గొంతులోనే నిజం ఉంది, మారిస్తే అది పోతుందనిపించింది, అయినా మళ్ళీ ఆలోచిస్తాం, అని జవాబిచ్చింది. వాళ్ళు ఆలోచించేలోగా ఆ సినిమా ముక్కలు మన వాట్సాప్‌లకి ఎక్కేశాయి. విదేశీయులు మన పరువు తీశారని జనం కొట్టుకుంటున్నారు. మా ఆయనా అదే అందుకున్నారు. "దేశం పరువు సంగతి తర్వాత. ముందు ఆ మనిషి బతుకు సంగతి చూడండి" అని కసిరి, సెలవు పెట్టి బొబ్బిలి బస్సెక్కాను. అక్క ఫోను ఎత్తడం లేదు.

గజపతినగరం దాటాక వెనక సీట్లోంచి అక్క గొంతు వినిపించింది. ఎవరిదో ఫోను. "ఈ మనిషి మన సికాకులం పక్క మనిషే" అన్నాడొకాయన. "ఎక్కడో ఇన్న గొంతులాగే ఉన్నాది" అంది పక్కనున్నావిడ. "తలనొప్పిగా ఉంది, కాస్త ఆపండి" అన్నాను. ఆపాడు. ఆవిడ మాత్రం రామభద్రపురం దాకా ఆలోచిస్తూనే కూర్చుంది.

కొట్టు తీసే ఉంది. రేడియో మోగడం లేదు. నేను నోరు తెరవకముందే అక్క, "తెలుసమ్మా, ఇన్నాను" అంది, పక్క కొట్టుకి కూడా వినపడనంత సన్నగా. "పొద్దున ఒకామె జాకెట్టు పట్టుకెళ్ళడానికొచ్చింది. ఏటీ అన్నేదు. నాను మాటాడినంతసేపూ నా నోటేపే సూసింది." నాకు ఏడుపొచ్చింది. లాయరమ్మ నోటీసు పంపుతున్నారని, తీయించేస్తారని గబగబా చెప్పాను. ఆమె వింటూ కత్తెరకి అంటుకున్న దారప్పోగులు తీస్తోంది.

ఇంతలో ఒక కాలేజీ అమ్మాయి గుడ్డముక్కతో వచ్చింది. ఇదివరకైతే చెప్పులు విడవకముందే "రామ్మా, కూర్సో, ఏటి కుట్టమంతావు?" అని వీధంతా వినపడేలా పిలిచేది అక్క. ఇప్పుడు టేపుతో స్టూలు చూపించింది.

"బుధవారానికి అవుతుందా అక్కా?"

అక్క నావైపు చూసింది. ఆ అమ్మాయివైపు తిరిగి తల ఊపింది. మెడ ఎంత దింపాలో తన మెడ మీదే వేలు పెట్టి అడిగింది.

"ఏటక్కా, గొంతు బాగోలేదా?" అంది ఆ అమ్మాయి.

అక్క దానికీ తల ఊపింది.