చిప్స్ తులాభారం

మీ బిడ్డ చేతిలో ఉన్న ఆ చిప్స్ పొట్లాన్ని మీరు ఎన్నడైనా అరచేతిలో పెట్టుకుని బరువు చూశారా? చూసి ఉండరు. దాని రంగు చూసి ఉంటారు, దాని మీద నవ్వుతున్న టొమాటో బొమ్మను చూసి ఉంటారు, అది చేతికిచ్చాక ఇంట్లో ఏడుపు ఆగినందుకు సంతోషించి ఉంటారు. బరువు మాత్రం ఎవరూ చూడరు. మా ఇంట్లో ఆ పనిని దేవుడికి అప్పగించారు. దేవుడి మీద నాకు నమ్మకం లేదు గానీ, ఆయన గుడిలో ఉన్న తక్కెడ మీద మాత్రం ఆ రోజు నుంచి నాకు గొప్ప గౌరవం.

నేను ఉండేది చింతామణిలో. మా చెల్లెలు, ఆమె కొడుకు, కోడలు, మనుమరాలు బాగేపల్లిలో ఉంటారు. తరతరాలుగా సరుకు అమ్మి బతికిన కుటుంబం మాది. మా తాత బెల్లం అమ్మాడు. మా చెల్లెలి భర్త చెనిక్కాయలు, అంటే వేరుశనగ కాయలు, అమ్మాడు. మా మేనల్లుడు కాలంతో పాటు నడిచే మనిషి కనుక చిప్స్ ఏజెన్సీ తీసుకున్నాడు. కింద గోడౌను, పైన ఇల్లు. లారీలో నలిగిపోయి, అంగడివాళ్ళు వద్దన్న పొట్లాలను కంపెనీకి తిప్పి పంపడం తలనొప్పి. అందుకని అవి మెట్లెక్కి ఇంట్లోకి వచ్చేవి. ఎనిమిదేళ్ళ పాప వాటిని పొద్దున నిద్ర లేవగానే తినేది, బడి నుంచి వచ్చి తినేది, టీవీ ముందు కూర్చుని తినేది. కంచం ముందు కూర్చోబెట్టేసరికి దానికి కడుపు నిండిపోయేది.

మా మేనల్లుడు మాత్రం తన సరుకు తినడు. మధ్యాహ్నం గోడౌనులో అట్టపెట్టెల మధ్య కూర్చుని, క్యారియర్ విప్పి, వేడివేడి రాగి ముద్దను పులుసులో ముంచుకుని మింగుతాడు. ఒకసారి అడిగాను.

"ఏమప్పా, చుట్టూ ఇన్ని రకాలు పెట్టుకోని ముద్ద మింగతాండావే?"

"ఆ చిప్స్ నాకు పడవు మామా. కడుపుబ్బరం."

"పాపకు పడతాయా?"

"పిల్లోళ్ళకు ఏమీ కాదంట మామా. టీవీలో ఆ డాక్టరమ్మే చెప్తాది కదా."

టీవీలో తెల్లకోటు వేసుకున్న ఆమె డాక్టర్ కాదనీ, నటి అనీ చెప్పాను. "కోటు డాక్టర్‌దే కదా మామా" అన్నాడు.

అతని భార్య డిగ్రీ చదివిన మనిషి. ఆమె పొట్లం మీది టొమాటోను వేలితో చూపించి, "తరకారి కూడా ఏసినారు పెద్నాయనా" అంది. కూరగాయలు కంచంలో వేస్తే తీసి పక్కన పెట్టే పాప, వాటి బొమ్మలను మాత్రం ఇష్టంగా తింటోందని ఆమెకు సంతోషం. ముద్ద నల్లగా ఉందని మొహం తిప్పుకునే ఆ పాపే, అంతకంటే నల్లగా ఉండే చాక్లెట్ పొడిని పాలలో కలిపిస్తే గ్లాసు నాకేసేది. ఆ డబ్బా మీద ఒక పిల్లవాడు తాటిచెట్టంత పొడుగు పెరిగి ఉన్నాడు.

నేను వాదించాను. వాదించడం నాకు కొత్త కాదు. విభూతి తీసే స్వాములను నలుగురిలో నిలదీసినవాణ్ణి, జాతకాలు చెప్పేవాళ్ళతో వేదిక మీద తలపడినవాణ్ణి. అంతటి నేను ఒక టొమాటో బొమ్మ ముందు ఓడిపోయాను. స్వామి అయితే ఎప్పుడో ఒకప్పుడు నోరు జారతాడు. బొమ్మ నవ్వుతూనే ఉంటుంది.

ఒక సోమవారం బడిలో ప్రార్థన జరుగుతుండగా పాప కళ్ళు తిరిగి పడిపోయింది. చిక్కబళ్ళాపురంలో డాక్టరమ్మకు చూపిస్తే ఆమె రక్తపరీక్ష చేయించి, రక్తం బాగా తగ్గిపోయిందని చెప్పింది. సిరప్ రాసింది. ఇలాగే సాగితే చదువూ ఆటా రెండూ వెనకబడతాయనీ, మందు ఒక్కటే చాలదనీ, తిండి మారకపోతే పిల్లను ఆస్పత్రిలో చేర్చుకోవాల్సి రావచ్చనీ చెప్పింది.

"ఇంట్లో ఏం తింటావు పాపా?" అని ఆమె అడిగినప్పుడు పెద్దవాళ్ళందరూ నేల చూశారు. పాప ఒక్కటే తలెత్తి, మసాలా రకం, టొమాటో రకం, పుదీనా రకం అంటూ గడగడా చెప్పుకుపోయింది.

"నేను తిండి అడిగినానమ్మా, అంగడి కాదు" అంది డాక్టరమ్మ.

అయితే పిల్లకు పూటపూటా ముద్దే పెడతామని మా చెల్లెలు అనగానే ఆమె దానికీ ఒప్పుకోలేదు. "ముద్ద మంచిదే. అదొక్కటే మింగిస్తే అదీ చాలదు. దాంతో పప్పు ఉండల్ల, ఆకుకూర ఉండల్ల, పాలో పెరుగో, ఏదో ఒక పండు. నడుమ ఆకలైతే ఇన్ని చెనిక్కాయలు, ఇంత బెల్లం ఇయ్యండి. యాడైనా దొరికేటివే కదా ఇవి."

దొరికేవే. అదే వాటి తప్పు. చిక్కుడు జాతి అనపకాయలనైతే వాటి కాలంలో చింతామణి సంతలో బస్తాలు బస్తాలుగా పోసి అమ్ముతారు. వాటి మీద తెల్లకోటు నటి బొమ్మ ఉండదు.

ఇంటికి రాగానే మా చెల్లెలు తన వైద్యం మొదలుపెట్టింది. పాపకు తులాభారం మొక్కుకుంది. తక్కెడలో ఒక పళ్ళెంలో పిల్లను కూర్చోబెట్టి, రెండో పళ్ళెంలో సరుకు పోసి, పిల్ల పైకి లేచేదాకా తూచి, ఆ సరుకును దేవుడికి ఇవ్వడం. మామూలుగా జనం కోరిక తీరాక మొక్కు చెల్లిస్తారు. మావాళ్ళు వ్యాపారస్తులు కనుక దేవుడికి కూడా అడ్వాన్సు ఇస్తారు. ఇంకొక కట్టుబాటు కూడా ఉంది. ఏ సరుకు అమ్మి బతుకుతామో ఆ సరుకుతోనే తూచాలి. చిన్నప్పుడు నన్ను బెల్లంతో తూచారు. మా మేనల్లుణ్ణి చెనిక్కాయలతో తూచారు.

"ఈసారి బెల్లం పెడదాం లేప్పా" అంది మా చెల్లెలు కొడుకుతో.

"మనం బెల్లం యాడ అమ్ముతాండామమ్మా?" అన్నాడు వాడు, తల గోక్కుంటూ.

అప్పుడు నేను కలగజేసుకున్నాను. "ఆచారం ఆచారమే. చిప్స్ అమ్ముతాండాడు, చిప్సే తూచల్ల. జనానికి ఒక సరుకు, దేవుడికి ఇంకో సరుకా?"

చెల్లెలు నన్ను ఎగాదిగా చూసింది. "ఏందన్నా ఇది? గుడి గడప తొక్కనోడివి నువ్వు ఆచారం మాట్లాడతాండావా? నీ కడుపులో ఏదో ఉండాది."

"మంచి మాట చెప్తే అనుమానమేంది మా?"

మేనల్లుడికి నా మాట బాగా నచ్చింది. పెద్దయ్యాక మామకు భక్తి కుదిరిందని బజారంతా చెప్పి వచ్చాడు.

మా ఇంటి దేవుడి గుడి గుడిబండె దారిలో ఒక రాతిగుట్ట మీద ఉంది. చిన్న గుడి, కానీ తక్కెడ పెద్దది. చెక్కదూలానికి ఇనుప గొలుసులతో రెండు వెడల్పాటి పళ్ళేలు వేలాడుతుంటాయి. మేనల్లుడు టెంపో నిండా అట్టపెట్టెలు తెచ్చాడు. పాప కొత్త పరికిణీ కట్టుకుని ఒక పళ్ళెంలో కూర్చుంది. పళ్ళెం నేలకు ఆనింది. మేనల్లుడు పొట్లాలను అట్టపెట్టెతో సహా ఎత్తి రెండో పళ్ళెంలో పెట్టబోయాడు.

"అట్ట బరువు దేవుడికెందుకప్పా? సరుకు మాత్రం పెట్టు" అన్నాను.

"అదీ న్యాయమే" అన్నాడు పూజారి.

పొట్లాలు పడటం మొదలైంది. ఎర్రవి, పచ్చవి, పసుపువి. పళ్ళెం నిండింది. పాప కదల్లేదు. పొట్లాలు గుట్టయ్యాయి. గుట్ట జారింది. దుప్పటి పరిచి మూట కట్టారు. మూట పూజారి భుజం దాకా పెరిగింది. పాప పళ్ళెం నేలను వదల్లేదు. ఆ రాతిగుట్ట మీద గాలి ఎక్కువ. మూటలోంచి జారిన పొట్లాలు ఎగిరి బండల మీద దొర్లుకుంటూ పోతుంటే మేనల్లుడి భార్య చీర ఎగదోపుకుని వాటి వెంట పరుగెత్తింది. గుడికి వచ్చిన నలుగురూ మూగారు.

"ఏమప్పా, దేవుడికి గాలి తూచి ఇస్తాండావా?" అని ఒకాయన ఎగతాళి చేశాడు.

పాప మొహం చిన్నబుచ్చుకుంది. "నాయనా, నేను అంత లావుగా ఉండానా?"

"లేదు మా. నువ్వు పుల్ల మాదిరి ఉండావు."

"మరి ఇన్ని పెట్టినా నేను పైకి లేయలేదే? వాటిలో ఏముండాది?"

చిప్స్ అమ్మే మనిషి కదా, వాడికి తెలుసు. "చిప్స్ విరక్కుండా గాలి పెట్టింటారు మా."

"అయితే దినమూ నేను గాలి తింటాండానా?"

నలుగురూ నవ్వారు. మా మేనల్లుడు నవ్వలేదు. నేను ఇన్నేళ్ళలో చెప్పలేకపోయిన మాటను ఆ తక్కెడ నోరు విప్పకుండానే చెప్పేసింది. ఆ గుడిలో నా పక్షాన ఉన్నది అదొక్కటే.

ఇంతలో మా చెల్లెలు టెంపో దగ్గరికి పోయి, అట్టపెట్టెల వెనక దాచిన రాగుల మూటను దింపించింది. "నీ మాట నేనెప్పుడు నమ్మినానన్నా? అందుకే తెచ్చినా" అంది. పొట్లాలన్నీ దించి రాగులు పెట్టగానే ఆ పళ్ళెం దబ్బున నేలకు తగిలింది. పాప గాలిలోకి లేచి పకపకా నవ్వింది.

నేను గెలిచానని అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకున్నాను. పూజారి రెండు చేతులూ జోడించి, "స్వామికి చిప్స్ వద్దంటప్పా. రాగులే కావల్లంట" అన్నాడు. అంతే. కళ్ళ ముందు ఊగిన తక్కెడను అందరూ మరిచిపోయారు. చిప్స్‌ను దేవుడు కాదన్నాడు కనుక ఆ రోజు నుంచి ఇంట్లోకి ఒక్క పొట్లం కూడా రాకూడదని మా చెల్లెలు ఆన పెట్టింది. దేవుడు కాదన్న ఆ సరుకంతా మరుసటి రోజు చాకవేలు ఊరి అంగళ్ళకు వెళ్ళింది. మన పాపకు పనికిరానిది ఊళ్ళోని పాపలకు పనికొస్తుందని మా మేనల్లుడి లెక్క.

పాప తింటోంది. ముద్దలోకి అనపగింజల పొట్టు తీసి చేసిన పితికిపప్పు పులుసు, ఒక రోజు తోటకూర, ఒక రోజు మెంతికూర, బడికి జామకాయ. నేను సంతోషించాలి. కానీ నాకు నిద్ర పట్టలేదు. దేవుడు వద్దన్నాడని మానేసిన పిల్ల, దేవుడు సరేనంటే మళ్ళీ తింటుంది. దేవుడి చేత సరేననిపించడం ఎంత సులభమో ప్రకటనలు రాసేవాళ్ళకు నాకంటే బాగా తెలుసు. అందుకని బాగేపల్లికి పోయినప్పుడల్లా పాపను అంగడికి తీసుకుపోయి పొట్లం వెనక్కి తిప్పి చదివించాను. ఎక్కువగా ఉండేది మొదట రాస్తారనీ, ముందు వైపు బొమ్మ ఉంటుందనీ, వెనక వైపు నిజం చిన్న అక్షరాల్లో ఉంటుందనీ చెప్పాను.

నా భయం ఎక్కువ కాలం ఆగలేదు. ఒక ఆదివారం మేనల్లుడు కొత్త రకం పొట్లం పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. మట్టి రంగు పొట్లం, మీద తలపాగా చుట్టుకున్న రైతు, రాగి వెన్ను. రాగి చిప్స్.

"ఇది స్వామి ఒప్పుకుంటాడు పెద్నాయనా. రాగే కదా" అంది అతని భార్య. మా చెల్లెలు కూడా చేయి చాచింది. నేను నోరు తెరవలేదు. పాప ఏం చేస్తుందో చూడాలి.

పాప లోపలికి పోయి, వాళ్ళ తాత చెనిక్కాయలు తూచిన చిన్న చేతి తక్కెడను తెచ్చింది. ఒక వైపు పొట్లం పెట్టింది. ఇంకో వైపు గుప్పెడు చెనిక్కాయ విత్తనాలు పోసింది. విత్తనాల వైపు దిగిపోయింది.

"ఇదీ గాలే నాయనా."

"రాగి ఉండాది మా. పేరే రాగి."

పాప పొట్లం తిప్పి వేలు పెట్టి చదివింది. "బియ్యంపిండి, నూనె, మొక్కజొన్న. రాగి యాడ? ఇదో, ఉప్పు పక్కన ఉండాది." పొట్లం చింపి ఒక చిప్సు నోట్లో వేసుకుంది. "బాగుండాది. అయితే అన్నానికి ముందు నాకొద్దు. అవ్వా, ముద్ద పెట్టు."

ఆ మాట దేవుడు చెప్పింది కాదు, నేను చెప్పింది కూడా కాదు.

మళ్ళీ చిక్కబళ్ళాపురం పోయినప్పుడు డాక్టరమ్మ రక్తం కొంత పెరిగిందనీ, సిరప్ ఇంకా మానొద్దనీ, ఇదే తిండి కొనసాగించమనీ చెప్పింది. మా చెల్లెలు దేవుణ్ణి తలుచుకుంది. కోడలు సిరప్‌ను మెచ్చుకుంది. మేనల్లుడు ఏజెన్సీ మానలేదు, కానీ నలిగిన పొట్లాలు ఇప్పుడు మెట్లెక్కవు. ఆ మెట్ల మీద ఒక పిల్ల తక్కెడ పట్టుకుని కూర్చుంటుంది.

మీ ఇంట్లో మెట్ల మీద ఎవరు కూర్చున్నారు? ఈ సాయంత్రమే ఒక తక్కెడ తెచ్చి మీ బిడ్డ చేతికివ్వండి. ఒక వైపు మీరు కొన్న పొట్లాన్ని పెట్టించండి, ఇంకో వైపు గుప్పెడు చెనిక్కాయలు పోయించండి. పొట్లాన్ని వెనక్కి తిప్పి ఆ చిన్న అక్షరాలను పైకి చదివించండి. ఆ తర్వాత మా పాప గుడిలో అడిగిన ప్రశ్నే మీ బిడ్డ కూడా అడుగుతుంది. దానికి జవాబు దేవుడి మీదికీ, డాక్టర్ మీదికీ నెట్టకండి. కంచంలో ముద్ద పెట్టి, పప్పు పోసి, ఆకుకూర వేసి, పక్కన కూర్చుని మీరే చెప్పండి.