కొలతమ్మ కత్తిరించిన అటక

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ కొలతమ్మే. మనిషి గుమ్మంలో నిలబడగానే ఆమె కళ్లు ఈ భుజం నుంచి ఆ భుజానికి ఒకసారి వెళ్లి వస్తాయి. అంతే, ఆ తర్వాత టేపు తీసేది కేవలం మర్యాదకు. "పోయినసారికీ ఇప్పటికీ కాస్త ఒళ్లు చేశారండోయ్" అని మొహం మీదే అనేస్తుంది. కోపం వచ్చేవాళ్లకు రానీ, కుట్టిన బట్ట మాత్రం ఒంటికి అతికినట్టు కూర్చుంటుంది. ఆమె కొలత తప్పిందన్న మాట ఇంతవరకూ ఎవరి నోటా రాలేదు.

ఇంత పనిమంతురాలి కుట్టుమిషను ఎక్కడుంటుందనుకున్నారు? వంటింటికీ స్నానాల గదికీ మధ్య ఇరుకు నడవాలో. పట్టపగలే బల్బు వేసుకోవాలి. వంటింట్లోకి వెళ్లేవాళ్లూ, తల తుడుచుకుంటూ వచ్చేవాళ్లూ, ఏ పనీ లేక ఊరికే తిరిగేవాళ్లూ ఆమె వీపుకు రాసుకుంటూ పోవాల్సిందే. నల్లగుడ్డ మీద నల్లదారంతో కుట్టాల్సి వస్తే ఆమె పాట్లు పగవాళ్లకు వద్దు. గుడ్డ పట్టుకుని వీధి గుమ్మంలోకి పోయి వెలుతురులో చూసుకుంటుంది, వచ్చి నాలుగు కుట్లు వేస్తుంది, మళ్లీ గుమ్మంలోకి పోతుంది. ఈమధ్య కళ్లు మరీ మొరాయిస్తున్నాయి. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ఎవరూ గమనించనూ లేదు.

అలాంటి ఇంట్లో అటకను గది చేయాలని ఆమె మొగుడికి బుద్ధి పుట్టింది. ఆయన సిటీ బస్సు డ్రైవరు. వాలు కప్పు కింద విరిగిన కుర్చీలూ బూజూ తప్ప మరేమీ లేని అటక అది. వడ్రంగిని పెట్టి చెక్కనేల వేయించాడు, నిచ్చెన తీసేసి మెట్లు కట్టించాడు, చివరి గోడకు ఇంత పెద్ద కిటికీ పెట్టించాడు. తంటా అంతా ఆ కిటికీతోనే వచ్చింది. కప్పు రెండు పక్కలా కిందికి వాలిపోతుంది కాబట్టి మనిషి నిటారుగా నిలబడగలిగేది నడిమధ్యనే. అందులో సగం మెట్లదారి తినేసింది. ఇక మిగిలిందల్లా కిటికీ ముందు చోటు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడ వెలుతురే వెలుతురు. కొలతమ్మ మొదటిసారి అక్కడ నిలబడి అరచెయ్యి చాపి చూసుకుంది. చేతిలో గీతలన్నీ కనిపించాయి. ఇక్కడ మిషను వేసుకుంటే ఎంత హాయి, అనుకుంది. అనుకోవడమే గాని పైకి అనలేదు.

డ్రైవరుగారికి ఇంట్లో అందరి మాటా వినాలని గొప్ప పట్టుదల. భోజనాల దగ్గర ఒక్కొక్కర్నీ అడిగాడు. ఆయన తల్లి, అంటే కొలతమ్మ అత్తగారు, తన బీరువా, పడక్కుర్చీ కిటికీ పక్కనే ఉండాలంది.

"నువ్వు మెట్లెక్కలేవు కదమ్మా?"

"నేనెక్కకపోతేనేం, నా బీరువా ఎక్కుతుంది."

కాలేజీలో చదివే కూతురు తన మంచం, బల్ల కిటికీ కిందే వేయాలంది. గాలి తగలకపోతే చదువు బుర్రకెక్కదట. గాలి తగిలినప్పుడు ఎక్కిన దాఖలాలు కూడా లేవనుకోండి, అది వేరే విషయం. డ్రైవరు తన మనసులో మాటా బయటపెట్టాడు: కిటికీ ముందు క్యారంబోర్డు, చుట్టూ నాలుగు స్టూళ్లు, సెలవు రోజున డిపో స్నేహితులు. అంతటితో ఆగకుండా, పైన నేల సాపు చేస్తున్న వడ్రంగిని కూడా కేకేసి, "నీకేం అనిపిస్తోందయ్యా?" అని అడిగాడు. అతను పైనుంచే, "దాహం వేస్తోంది సార్" అన్నాడు.

చిట్టచివర కొలతమ్మ వైపు తిరిగి, "అన్నట్టు నీ టేపెక్కడుంది? అందరి సామాన్లూ కొలిచి ఏది ఎక్కడ పడుతుందో నువ్వే తేల్చు. కొలతల్లో నీ మాటకు తిరుగులేదు" అన్నాడు.

మనస్ఫూర్తిగా నమ్మే అన్నాడు, పాపం.

"ఊరికే బరువులు మోయడం ఎందుకు, అచ్చం అంత సైజులోనే కాగితాలు కత్తిరిస్తాను, నేల మీద పరుచుకుని చూద్దాం" అంది కొలతమ్మ. పని మొదలుపెట్టింది కూడా బుద్ధిగానే. బీరువా కొలిచి, ఖాకీ కాగితం మీద గీసి, కత్తిరించి, తీసుకెళ్లి కిటికీ పక్కన పరిచింది. అది కాస్తా మెట్లదారిలోకి పొడుచుకొచ్చింది. ఇదేమిటి, పట్టాలి కదా అని మళ్లీ కొలిచి చూసి నాలుక కరుచుకుంది. బతుకంతా బట్ట కత్తిరించిన చెయ్యి కదా! కుట్టు లోపలికి పోయేందుకు గుడ్డ వదిలినట్టే, అలవాటు కొద్దీ చుట్టూ నాలుగు వేళ్ల కాగితం ఎక్కువ వదిలేసింది. చెక్క బీరువాకు కుట్టేమిటి, ఆవిడ మొహం!

ఆ అంచు కోసేద్దామని కత్తెర తెరిచింది. కొయ్యలేదు. తెరిచిన కత్తెర అలాగే పట్టుకుని కిటికీ వైపు చూసింది. బీరువా పట్టకపోతే అత్తగారు కిటికీ వదులుకోవాల్సిందే. మరి మంచం కూడా పట్టకపోతే? క్యారంబోర్డు కూడా పట్టకపోతే? అప్పుడు ఆమె మొహంలోకి ఒక నవ్వొచ్చింది. మంచి నవ్వు మాత్రం కాదు.

మంచానికి నాలుగు వేళ్లు వదిలింది. బల్లకు వదిలింది. క్యారంబోర్డుకు, స్టూళ్లకు, పడక్కుర్చీకి, మొగుడనీ కూతురనీ అత్తగారనీ తేడా చూడకుండా అందరికీ ధారాళంగా వదిలింది. మిషను కాగితం మాత్రం ఊపిరి బిగబట్టి గీత మీదే కోసి, మడిచి బొడ్లో దోపుకుంది.

సెలవు రోజు పొద్దున్నే ఇంటిల్లిపాదీ పైకెక్కారు. అందరికంటే ముందు ఎక్కింది మెట్లెక్కలేని అత్తగారే. పంపకాలు జరిగే చోట తను లేకపోతే ఎలా? డ్రైవరు అడుగు పెడుతూనే వాలు కప్పుకు నెత్తి కొట్టుకున్నాడు.

కొలతమ్మ కాగితాలు పరవడం మొదలుపెట్టింది. బీరువా మెట్లదారికి అడ్డం పడింది. "అయ్యో, దీన్నిక్కడ పెడితే మనం కిందికి కిటికీలోంచి దూకాలత్తయ్యా" అంది ఎంతో బాధగా. మంచం పరిస్తే బల్ల పట్టలేదు, బల్ల పరిస్తే మంచం పట్టలేదు. "ఎలాగే తల్లీ, నిలబడి నిద్రపోతావా?" అని కూతురి బుగ్గ పుణికింది. క్యారంబోర్డు పట్టింది గాని ఒక స్టూలు మెట్ల అంచుకు వేలాడింది.

"ఓడిపోయినవాడు వెనక్కి వాలితే తిన్నగా వంటింట్లో తేలతాడండీ."

డ్రైవరు తల గోక్కున్నాడు. అత్తగారు మూతి ముడుచుకుంది. అప్పుడు కొలతమ్మ ఏమీ ఎరగనట్టు, "ఇంత మంచి చోటు వృథాగా పోతోందే! ఏదైనా చిన్నపాటిది ఉంటే బాగుండు" అంటూ బొడ్లోంచి కాగితం తీసి కిటికీ ముందు పరిచింది. "ఇదుగో, మిషను లాంటిది."

అద్దినట్టు సరిపోయింది. "ఇదే ఖాయం చేద్దామా సార్?" అంటూ వడ్రంగి పెన్సిలుతో గుర్తు పెట్టడానికి వంగాడు.

"ఆగవయ్యా!" అన్నాడు డ్రైవరు. "కిక్కిరిసిన బస్సులో ఇంకో పదిమందిని ఎక్కించుకునేవాణ్ణి, ఒక్క స్టూలు పట్టించలేనా?" అని దబదబా కిందికి దిగి క్యారంబోర్డు చంకలో పెట్టుకొచ్చాడు. కొలతమ్మ "వద్దండీ, బరువు" అనే లోపే బోర్డును దాని కాగితం మీద పెట్టేశాడు.

బోర్డు చుట్టూ నాలుగు వైపులా ఖాకీ కాగితం వెక్కిరిస్తూ బయటికొచ్చింది.

ముందుగా అత్తగారే వంగి ఆ అంచును వేలితో తడిమింది. "ఇదేంటే అమ్మాయ్, క్యారంబోర్డుకు కూడా గుడ్డ వదిలావా? రేపు అది లావెక్కితే కుట్లు విప్పుకోవడానికా?"

కూతురు పకపకా నవ్వింది. వడ్రంగి నవ్వు ఆపుకోలేక దగ్గాడు. డ్రైవరుకు మాత్రం నవ్వు రాలేదు. "వీధిలో వాళ్లందరికీ సరైన కొలత, నాకు దొంగ కొలతా? కిటికీ కావాలంటే నోరు తెరిచి అడగొచ్చు కదా?"

అప్పటిదాకా సిగ్గుతో తల వంచుకున్న కొలతమ్మ ఆ మాటతో తలెత్తింది.

"అత్తయ్యనడిగారు. పిల్లనడిగారు. వడ్రంగిని కూడా కేకేసి మరీ అడిగారు. నన్నడిగిందల్లా టేపెక్కడుందని."

నవ్వులు ఆగిపోయాయి.

"నా కళ్లు ఆనడం లేదండీ" అంది. "నల్లగుడ్డ మీద కుట్టు కనపడక చేత్తో తడుముకుంటూ కుడుతున్నాను. రేపు నిజంగానే నా కొలత తప్పుతుందేమోనని భయమేస్తోంది. నాకు పగటి వెలుతురు కావాలి."

డ్రైవరు క్యారంబోర్డు నేల మీంచి తీసి గుండెలకు హత్తుకున్నాడు. "తప్పు నాదే. ఇప్పుడడుగుతున్నా. చెప్పు, నీకేం కావాలి?"

కొలతమ్మ దెబ్బలాటకైతే సిద్ధంగా ఉంది గాని ఈ ప్రశ్నకు లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "కిటికీ" అంది, అంతే.

"కిటికీ ఒక్కటేనా?" అని అత్తగారు కసురుకుంది. "అడిగినప్పుడే అన్నీ చెప్పుకోవే పిచ్చిదానా! వీడు మళ్లీ ఎప్పుడడుగుతాడో ఏమో!"

కొలతమ్మ కళ్లు తుడుచుకుంది. ఒకసారి అటకంతా కలయజూసింది. చూపు ఈ గోడ నుంచి ఆ గోడకు వెళ్లి వచ్చింది. తర్వాత సుద్దముక్క తీసుకుని చీరకుచ్చెళ్లు ఎగదోపింది.

"కిటికీ ముందు మిషను. దాని పక్కన గుడ్డ కత్తిరించుకోవడానికి పొడుగాటి బల్ల. పిల్ల మంచం వాలు కింద వేద్దాం, పడుకునేదానికి కప్పు తగలదు. చదువుకు నా బల్లలోనే ఓ మూల ఇస్తాను. బీరువా కిందే ఉంటుంది, అత్తయ్య మెట్లెక్కకుండానే తీసుకోవచ్చు. ఇటు పక్కంతా బట్టలకు అరలు..."

ఆమె గీస్తూ ముందుకొస్తుంటే డ్రైవరు బోర్డుతో సహా వెనక్కి వెనక్కి నడిచి మెట్ల దాకా వచ్చాడు.

"ఇంకా ఉందా?" అన్నాడు బిక్కమొహంతో.

"ఉంది. మీరు నిలబడ్డ చోట నిలువుటద్దం వస్తుంది. కాస్త కిందికి దిగండి."