తీగలు తిరగేసిన గిటారు

మొన్న శనివారం మధ్యాహ్నం వంటింట్లో చారుకు చింతపండు పిసుకుతుంటే ముందుగదిలోంచి ఒక లావు శబ్దం వచ్చింది. చెవికంటే ముందు రొమ్ముకు తగిలే శబ్దం. చేతులు కడుక్కోకుండానే వెళ్లి చూశాను. మూలకు ఆనించి ఉన్న నా బేస్ గిటారు ముందు మా ఇందు చతికిలబడి ఉంది. నాలుగేళ్ల పిల్ల. అన్నిటికంటే లావు తీగను బొటనవేలితో మళ్లీ ఒకసారి లాగి వదిలి, గిటారు పొట్టకు చెంప ఆనించి ఆ వణుకు వింటోంది. లాగింది ఎడమచేతి బొటనవేలితో. గిటారు కాస్త కదిలేసరికి దాని పొట్టమీది వంకర రంధ్రంలోంచి చిటికెడు పసుపు పొడి రాలి నేలమీద పడింది. ఇన్నేళ్లుగా దులుపుతున్నా దాని కడుపులో పసుపు అయిపోలేదు.

అంతకు కాసేపటి ముందే ఇందును బడి నుంచి తీసుకొచ్చాను. అక్కడ వాళ్ల టీచరు నన్ను ఆపి, ఇందు ఎడమచేతితో రాస్తుంటే బెంచీమీద పక్కపిల్లకు మోచేయి తగులుతోందని, ఆ పిల్ల గీతలన్నీ చెదిరి రోజూ ఏడుపేనని చెప్పింది. ఈ వయసులో అయితేనే అలవాటు మారుతుందట. సోమవారం నుంచి పెన్సిలు కుడిచేతిలోనే పెడతామని, ఇంట్లో కూడా అలాగే చేయించమని అంది. మంచి అమ్మాయే, పిల్లలంటే ప్రాణం పెడుతుంది. నేను సరేనని తలూపి వచ్చేశాను. తలూపడం నాకు తేలిక. పాప దగ్గితే భయం, దగ్గకుండా ఎక్కువసేపు పడుకుంటే భయం, ఎవరైనా గట్టిగా ఒక మాట చెబితే కాదనడానికి భయం. ఎడమచేయి ఉండనిస్తే రేపు నలుగురూ నవ్వుతారేమో, మార్చితే నాలాగే అవుతుందేమో అని రెండు భయాలూ ఒకేసారి పట్టుకున్నాయి. చిన్నప్పుడు స్కేలు దెబ్బలతో నా చేయి మార్చారు. ఇది రాస్తున్నది కుడిచేతితోనే. అక్షరాలు ఇప్పటికీ గీత దిగి కిందికి జారుతుంటాయి.

కానీ నేలమీద ఆ పసుపు చూడగానే, నాకు గిటారు నేర్పిన జిలానీ ఉస్తాద్ పక్కనే కూర్చుని తుమ్మినట్టు అనిపించింది. పాప పడుకుంది కాబట్టి ఆయన గురించి రాయడానికి కూర్చున్నాను.

ఆర్మూరులో మా బాపుకు గిర్ని ఉండేది. మిరపకాయలు, పసుపు, మక్కలు, జొన్నలు పట్టే గిర్ని. దాని మీది గదిని ఉస్తాద్ కిరాయికి తీసుకున్నారు. పెళ్లిళ్లలో, వినాయక మండపాల్లో పాటలు వాయించే చిన్న ఆర్కెస్ట్రా ఆయనది. సాయంత్రాలు అక్కడ సాధన చేసేవారు. సన్నగా, పొడుగ్గా, గోరింటాకు పెట్టిన గడ్డంతో ఉండేవారు. పసుపు పట్టే కాలంలో గదంతా పచ్చటి దుమ్ము పట్టి, పాటకు ఒక తుమ్ము తప్పేది కాదు. ఇంత దుమ్ములో ఎందుకుంటున్నారని బాపు అడిగితే, ఊళ్లో ఎక్కడ వాయించినా లొల్లి అని తిడుతున్నారని, గిర్ని మీదైతే తన లొల్లి ఎవరికీ వినపడదని అన్నారట.

ఒక్కటి మాత్రం వినపడేది. గిర్ని మోతలో కీబోర్డు, పాట, డోలక్ అన్నీ మునిగిపోయేవి. బేస్ గిటారు మాత్రం పైకప్పు దిగి, గోడలోంచి నా వీపులోకి వచ్చేది. నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. కాలేజీ నుంచి వచ్చి, పిండి పట్టించుకోవడానికి వచ్చినవాళ్ల సంచులకు చీటీలు కడుతూ గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. ఆ శబ్దం ఎటు పోతుందో, తర్వాత ఎక్కడ అడుగు వేస్తుందో ముందే తెలిసినట్టు ఉండేది. పక్కనున్న నూనె డబ్బా మీద నా వేళ్లు దాని వెంట పోయేవి. ఒక సాయంత్రం ఉన్నట్టుండి కరెంటు పోయింది. గిర్ని ఆగింది, పైన పాట ఆగింది. నా డబ్బా ఆగలేదు. కొంచెంసేపటికి మెట్ల మీద ఉస్తాద్ కనిపించారు.

“డబ్బా కొట్టింది నువ్వేనా బేటా? తాళం మస్తున్నది. పైకి రా, ఉత్తగ డబ్బా కరాబు చేసుడెందుకు.”

బాపు ఏమంటారో అనుకున్నాను. పిండి దులుపుకుంటూ, చదువు పాడు కాకుంటే సరే అన్నారు. అలా మొదలైంది. ఉస్తాద్ తన పాత బేస్ గిటారు ఇచ్చారు. బరువైన చెక్క గిటారు. భుజం ఒరుసుకుపోయేది. అందరిలాగే కుడిచేతితో తీగలు మీటాలని చూపించారు, నేను అలాగే మీటాను. నెలలు గడిచినా నా చేయి ఎప్పుడూ పాటకు ఒక అడుగు వెనకే ఉండేది. డబ్బా మీద అంత బాగా వచ్చిన తాళం తీగల మీద ఎందుకు తప్పుతోందో ఆయనకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది గానీ చెప్పలేదు.

ఒకరోజు ఆయన నమాజుకు వెళ్లారు. గదిలో ఎవరూ లేరని గిటారును తలకిందులుగా తిప్పి, ఎడమచేతితో వాయించుకున్నాను. లావు తీగ ఉండాల్సిన చోట సన్న తీగ ఉన్నా, చెక్క కొమ్ము డొక్కలో గుచ్చుకుంటున్నా, మొదటిసారి నా వేలు పాటకంటే ముందు పోయింది. తలెత్తి చూస్తే గుమ్మంలో ఆయన. గబుక్కున గిటారు మామూలుగా తిప్పేశాను.

“మల్ల గట్లనే పట్టుకో,” అన్నారు. పట్టుకున్నాను. “పుర్రచేతిదానివని నాకెందుకు చెప్పలే?”

“చెప్తె వద్దంటరనుకున్న.”

ఆయన దగ్గరికి వచ్చి గిటారు తీగలు వేలితో తడిమారు. “చెయ్యి మార్చొద్దు బేటా,” అన్నారు. “తీగలు మార్చుకుందాం.”

ఆ మాట అన్న మనిషికి ఎడమచేయి పట్టింపు లేదని కాదు. ఆ సాయంత్రమే నేను ఎడమచేతితో కప్పు అందిస్తే తీసుకోలేదు. “చాయ్ మాత్రం కుడిచేత్తోటియ్యి. చాయ్ ఎదుటోళ్ల కోసం. బాజా నీ కోసం.” ఆ తేడా నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

పాత గిటారుకు తీగలు మార్చితే సరిపోలేదు. దాని చెక్కే కుడిచేతివాళ్ల కోసం కోసింది. తిప్పితే కొమ్ము అడ్డం వచ్చేది, వేళ్లు అందాల్సినచోట అందేవి కావు. అప్పుడు ఉస్తాద్‌కు వయసులో ఉన్నప్పుడు చూసిన ఒక గిటారు గుర్తొచ్చింది. అచ్చం పెద్ద ఫిడేలులా ఉంటుందట. లోపల డొల్ల, అందుకే తేలిక, నా భుజానికి సరిపోతుంది. అలాంటిదే ఎడమచేతివాళ్ల కోసం చేసింది కావాలి, పైగా మాకు అందే ధరలో కావాలి. నిజామాబాద్‌లో ఒక దుకాణం ఆయన, ‘పుర్రచేతి గిటారా? పుర్రచేతి హార్మోనియం గూడ కావాల్నా?’ అని నవ్వాడు. ‘ఉంటే చూపెట్టు, అది గూడ కొంట’ అన్నారు ఉస్తాద్. మరో దుకాణంలో కొత్తది తెప్పించడానికి ఎంతవుతుందో చెప్పారు. ఆ మాట విన్నాక బాపు ఇంకేమీ అడగకుండా బస్టాండు దారి పట్టారు.

ఆ తర్వాత ఉస్తాద్ తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. గదిలో కూర్చుని, కింద గిర్ని తిరుగుతుండగానే, ఒక చెవి మూసుకుని ‘లెఫ్ట్ హ్యాండ్, లెఫ్ట్ హ్యాండ్’ అని అరిచేవారు. చివరికి హైదరాబాద్‌లో ఒక దుకాణం ఆయన ఉందన్నాడు. ఫిడేలు ఆకారమే, హ్యాండ్ కూడా మీరు అడిగినదే, ధర కూడా తక్కువే అన్నాడట. ఉస్తాద్ ఫోను పెట్టేసి రెండు చేతులూ పైకెత్తి అల్లాకు శుక్రియా చెప్పుకున్నారు. గిర్నిని తిప్పే రబ్బరు పట్టా కొనే పని కూడా ఉందని బాపు బయలుదేరారు. ముగ్గురం పొద్దున్నే బస్సెక్కాం. దారంతా ఉస్తాద్ నాకు కిటికీ పక్క సీటిచ్చి, ఏ వేలు ఎక్కడ పెట్టాలో తన ముంజేయి మీద చూపిస్తూనే ఉన్నారు.

దుకాణం ఆయన దుమ్ము పట్టిన పెట్టె తెరిచాడు. తేనెరంగు పొట్ట, సన్నటి నడుము, ఫిడేలుకు ఉన్నట్టే వంకర రంధ్రాలు. చేతిలోకి తీసుకున్నాక తెలిసింది, తీగలు కుడిచేతికి కట్టి ఉన్నాయి. ఉస్తాద్ అదే మాట అంటే దుకాణం ఆయన అయోమయంగా చూశాడు.

“సెకండ్ హ్యాండ్ గిటార్ కావాలన్నరు గద సాబ్? ఇది సెకండ్ హ్యాండే. ఒక్క గీత గూడ లేదు.”

గిర్ని మోత చేసిన పని అది. ఇటు అరిచింది ఒక హ్యాండ్, అటు వినపడింది ఇంకో హ్యాండ్. బాపు ముందు కోపంగా చూసి, తర్వాత ఆపుకోలేక నవ్వడం మొదలుపెట్టారు. నాకు మాత్రం కళ్లనిండా నీళ్లొచ్చాయి. ఇంత దూరం వచ్చాం, ఇక మళ్లీ ఎవరూ నా కోసం వెతకరు అనుకున్నాను. ఉస్తాద్ నవ్వలేదు. గిటారును నా చేతుల్లోంచి తీసుకుని, అంగట్లో గుమ్మడికాయను చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశారు. తలకిందులు చేసి మళ్లీ చూశారు. అప్పుడు గడ్డం కింద నవ్వు మొదలైంది.

“అరే, ఫిడేలుకు కుడేంది, ఎడమేంది? రెండు దిక్కుల ఒక్కతీరే ఉన్నది.”

నిజమే. దానికి డొక్కలో గుచ్చుకునే కొమ్ము లేదు. ఎటు పట్టుకున్నా ఒకటే నడుము, ఒకటే పొట్ట. కుడిచేతిది అనిపించేది దాని తీగల వరసే. ఆ వరస తిప్పితే అది నాది. ఎవరూ కొనక చాలాకాలంగా పడి ఉన్నదాన్ని దుకాణం ఆయన మేం అడిగిన ధరకే ఇచ్చేశాడు. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని నేను కూర్చున్నాను, గిర్ని పట్టా మెడకు వేసుకుని బాపు కూర్చున్నారు.

తీగలు తిప్పాలంటే, గిటారు మెడ పైకొసన అవి కూర్చునే, గాట్లు పెట్టిన చిన్న ముక్క కూడా కొత్తది కావాలి. బాపు క్యారంబోర్డు స్ట్రైకరును కోసి, ఆకురాయితో అరగదీసి, ఉస్తాద్ దాన్ని తయారు చేశారు. తీరా తీగలు ఎక్కిస్తుంటే సరిపోలేదు. అలవాటు కొద్దీ గాట్లను మళ్లీ కుడిచేతి వరసలోనే కోశారు. తన చేతుల వంక చూసుకుని, ‘గివి గూడ మాట ఇనయి బేటా’ అన్నారు. ఇంకో స్ట్రైకరు పోయింది. కిరాయి పెంచుతానని బాపు చాలాకాలం బెదిరించారు. ఒక్క లోపం మాత్రం మిగిలిపోయింది. గిటారును తిప్పేసరికి కింద ఉండాల్సిన, శబ్దం పెంచి తగ్గించే మరలు పైకి వచ్చాయి. వాయిస్తుంటే నా ఎడమ ముంజేయి తగిలి మర తిరిగి శబ్దం తగ్గిపోయేది. తగ్గినప్పుడల్లా ఆయన పాట ఆపకుండానే కళ్లతో సైగ చేసేవారు. మోచేయి లేపు అని. లేపడం అలవాటైపోయింది.

అంకాపూర్‌లో ఒక పెళ్లికి మొదటిసారి నన్ను తీసుకెళ్లారు. మొదటి పాట సగంలో ఉండగానే పెళ్లివారి తరఫు పెద్దాయన ఒకాయన స్టేజీ దగ్గరికి వచ్చాడు. శుభమా అని పెళ్లి జరుగుతుంటే ఆడపిల్ల పుర్రచేత్తో వాయించడమేమిటని, దింపేయమని అన్నాడు. నా వేళ్లు ఆగిపోయాయి. గిటారు దింపడానికి పట్టీ మీద చేయి వేశాను కూడా. ఉస్తాద్ స్టేజీ దిగి ఆయన దగ్గరికి వెళ్లి, గొంతు పెంచకుండా ఒక్క మాట అన్నారు.

“తాళి రెండు చేతులతోటి కడ్తరు గద పటేలా. అండ్ల ఒకటి పుర్రచెయ్యే.”

చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. ఆ పెద్దాయన కూడా, కొంచెం ఆలస్యంగా, నవ్వాడు. ఉస్తాద్ పైకి వచ్చి నా వైపు చూసి, మోచేయి లేపమని సైగ చేశారు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ పెద్దాయనే మా విస్తళ్లలో దగ్గరుండి మిఠాయి వేయించాడు.

డిగ్రీ అయ్యేదాకా ఆయనతో వాయించాను. తర్వాత పెళ్లయింది, ఊరు మారలేదు గానీ ఇల్లు మారింది. సామానుతోపాటు గిటారును బాపు ఇక్కడికి తెచ్చి పెట్టారు. ఇందు కడుపులో ఉన్నప్పుడు ఉస్తాద్ చూడటానికి వచ్చారు. అప్పటికే మనిషి బాగా తగ్గిపోయారు. దవాఖానకు తిరుగుతున్నానని, ఫికర్ చేయొద్దని అన్నారు. నేను చాయ్ ఇస్తే, ఏ చేతితో ఇచ్చానో చూసి నవ్వి అందుకున్నారు. పాప పుట్టాక చూపించాలనుకున్నాను. ఆయన అంతవరకూ ఆగలేదు.

ఇవాళ సోమవారం. పొద్దున ఇందును బడికి తీసుకెళ్తూ దారంతా చెప్పాల్సిన మాట లోలోపల చెప్పుకుంటూనే ఉన్నాను. తరగతి గుమ్మంలో టీచరు కనిపించగానే అంతా మర్చిపోయాను. ఇందు బెంచీ కనిపించింది. కుడి కొసన దాని చోటు, దాని ఎడమపక్కన ఏడ్చే ఆ చిన్నపిల్ల.

“మేడం, చెయ్యి మార్చొద్దు,” అన్నాను. “కూసునే జాగ మార్చుండ్రి. ఎడమ కొసకు కూసుంటె మా ఇందు మోచెయ్యి ఎవలకు తగుల్తది?”

టీచరు బెంచీ వైపు చూసింది, ఇందు వైపు చూసింది. ‘గంతేనా? నాక్కూడ తోచనే లేదు సూడు’ అని నవ్వి, ఇద్దరు పిల్లలనూ ఒకరి చోట ఒకరిని కూర్చోబెట్టింది. ఇందు పెన్సిలు తీసుకుని మోచేయి బార్లా చాపుకుని గీయడం మొదలుపెట్టింది. నా వైపు మళ్లీ చూడలేదు.

గేటు దాటాక గానీ గమనించలేదు. పక్కనుంచి పసుపు బస్తాల ట్రాక్టరు పోతోంది. భుజాన ఏమీ లేదు, చేతి కింద మర ఏదీ లేదు. అయినా నా ఎడమ మోచేయి కొంచెం పైకి లేచే ఉంది. టీచరుతో మాట్లాడినంతసేపూ లేచే ఉన్నట్టుంది.