వెల్లకిలా పెట్టిన టోపీ

నా చిన్నప్పుడు, అంటే నెత్తి నిండా జుట్టు ఉండి టోపీ అవసరం లేని రోజుల్లో, మేం అమెరికాలోని అరోరాలో ఉండేవాళ్ళం. ఇప్పుడూ ఇక్కడే ఉన్నాను. ఊరు మారలేదు, జుట్టే నన్ను వదిలేసి వెళ్ళింది. ఇక్కడి తెలుగు పిల్లలు నన్ను టోపీ అంకుల్ అంటారు. మన భాషలో టోపీ పెట్టడమంటే మోసం చేయడమని వాళ్ళకి తెలియదు కాబట్టి నా మర్యాద ఇంకా నిలబడి ఉంది. మా ఇంట్లో ఒక గది నిండా ఇటలీ ఫెల్ట్ టోపీలే. హైస్కూల్ మధ్యలో మానేసి ట్రక్ నడుపుకున్న మనిషికి ఈ దొర సోకులేమిటని నవ్వేవాళ్ళు ఉన్నారు. నవ్వనివ్వండి. ఈ పిచ్చి నాకు పక్కింటి తాత అంటించింది.

ఆయన ఇటలీ మనిషి. నేను తాతా అని పిలిస్తే, అర్థం తెలియకపోయినా పలికేవారు. స్కూల్ నుంచి రాగానే ఆయన టోపీల గదిలో దూరేవాణ్ణి. చేతులు కడుక్కోకపోతే గుమ్మం దాటనిచ్చేవారు కాదు. ఫెల్ట్ నేసిన బట్ట కాదని, కుందేలు బొచ్చుని ఆవిరిలో నొక్కి నొక్కి పట్టించిన పొర అని ఆయనే చెప్పారు. వేలితో నిమిరితే లేగదూడ చెవిలా ఉండేది. పాత టోపీని, కొత్త టోపీని పక్కపక్కన పెట్టి, నన్ను కళ్ళు మూసుకుని ఏది ఏదో చెప్పమనేవారు. కొత్తది చేతికి ఇట్టే లొంగుతుంది. పాతది కాస్త బెట్టు చేస్తుంది, అచ్చం మా నాన్నమ్మలాగ. అన్నిటికన్నా పాతది ఒక గోధుమరంగు టోపీ. వాళ్ళ నాన్న ఇటలీ నుంచి ఓడలో వస్తూ పెట్టుకున్నది. దాన్ని మాత్రం నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు. ఎప్పటికైనా ఒక్కసారి దాన్ని చేతుల్లోకి తీసుకోవాలన్నదే అప్పట్లో నాకున్న పెద్ద కోరిక.

మా నాన్నమ్మకీ ఆయనకీ మాటలు లేవు, గిన్నెలే. వాళ్ళ పెరట్లో కాసిన అంజూరపళ్ళు గిన్నెలో వచ్చేవి. ఆ గిన్నె మా ఇంటి నుంచి గారెలతోనో కజ్జికాయలతోనో తిరిగి వెళ్ళేది. ఖాళీ గిన్నె తిప్పి పంపడం నాన్నమ్మ ఇంటా వంటా లేదు.

ఒక ఆదివారం మా నాన్న ఆయన్ని భోజనానికి పిలిచాడు. పొద్దుటి నుంచీ నాన్నమ్మకి ఒకటే పాఠం. కొసరి కొసరి వడ్డించకు, గట్టిగా మాట్లాడకు, ఆయన తింటుంటే ఎదురుగా నిలబడి చూడకు. నాన్నమ్మ అంతా విని, "పోనీ, నేను గదిలో ఉండి తలుపేసుకోనా?" అంది.

తాత ఆ గోధుమరంగు టోపీతోనే వచ్చారు. లోపలికి రాగానే తీసి, గుమ్మం పక్క బల్ల మీద వెల్లకిలా పెట్టారు. టోపీలు తెలిసినవాళ్ళు అలాగే పెడతారు. బోర్లా పెడితే అంచు చదునైపోయి ఒంపు పోతుంది. ఆ సంగతి నాకు తెలుసు. నాన్నమ్మకి చెప్పాలని తోచలేదు.

భోజనం బాగానే గడిచింది. ఆయన లేచి టోపీ కోసం చేయి చాపారు. టోపీ నిండా సున్నుండలు! మా నాన్నమ్మ సున్నుండలంటే చేత్తో పట్టుకుంటే మోచేతి దాకా నెయ్యి కారాలి. లోపలి పట్టుగుడ్డ అప్పటికే నల్లబడుతోంది.

"అమ్మా! అది టోపీ!" అని నాన్న అరిచాడు.

"గుడ్డిదాన్నా? బోర్లా పెడితే టోపీ. వెల్లకిలా పెడితే గిన్నే కదరా. మనసులో ఉన్నది అడగలేక పెట్టుకున్నాడేమో, పాపం."

నాన్న ఆయన వైపు తిరిగి ఇంగ్లీషులో సారీల మీద సారీలు చెప్పాడు. ఆవిడ చదువుకోలేదు, పల్లెటూరి మనిషి, ఏమీ తెలియదు అన్నాడు. నేను తల వంచుకున్నాను. ముందు నాన్నమ్మని చూసి సిగ్గేసింది. ఇక ఆ గదిలోకి నన్ను రానివ్వరనుకున్నాను. ఆ తర్వాత నాన్న మాటలు విని ఇంకో సిగ్గు. టోపీ మీద టోపీ పెట్టినట్టు రెండూ కలిసి మెడ ఎత్తనివ్వలేదు.

"మీ నాన్న ఏమంటున్నాడ్రా?" అని నాన్నమ్మ నన్నడిగింది.

"నీ సున్నుండలు బాగుంటాయంటున్నాడు."

"నాకే టోపీ పెడుతున్నావా, వెధవా! సారీ అంటే నాకు తెలియదా? బస్సులో పక్కవాడి కాలు తొక్కితే అనే మాటేగా. నేనెవరి కాలు తొక్కాను?"

తాతకి తెలుగు రాదు. కాని ఆయన నాన్నమ్మ ముఖం చూశారు. మెల్లగా ఒక సున్నుండ తీసి, ఇంకో సారీ కోసం తెరుచుకున్న మా నాన్న నోట్లో పెట్టేశారు. సున్నుండ నోట్లో ఉంటే దేవుడైనా మాట్లాడలేడు. నాన్నకి పొలమారింది. నాన్నమ్మ గబగబా వెళ్ళి కొడుకు మాడు మీద తడుతూ, "ఎవరో తలుచుకుంటున్నార్రా నిన్ను," అంది. దగ్గు ఆగింది, కాని నాన్న కళ్ళలో నీళ్ళు ఆగలేదు. పొలమారడం వల్లే అన్నాడు. మేం నమ్మినట్టే ఉన్నాం.

తాత తనూ ఒకటి తిని నాన్నమ్మకి దణ్ణం పెట్టారు. బయట తుంపర పడుతోంది. టోపీ ఉన్నదే వాన కోసం, ఆయనేమో బోడి తలతో బయల్దేరారు. మెట్లు దిగాక టోపీని నా చేతుల్లో పెట్టారు. చేతులు కడుక్కోలేదన్నాను. ఇంకా ఏం కడుగుతావులే అన్నట్టు నవ్వారు. వాళ్ళింటి గుమ్మం దాకా రెండు చేతులతో మోశాను. ఆయన తడుస్తూనే ఉన్నారు, సున్నుండలు తడవకుండా నా మీద కోటు పట్టారు. వాళ్ళ నాన్న ఈ టోపీతో ఓడ దిగాడని, ఈ దేశంలో ఇందులో ఎవరైనా ఏదైనా పెట్టడం ఇదే మొదలు అని చెప్పారు.

మర్నాడు ఆ టోపీ అంజూరపళ్ళతో మా ఇంటికి వచ్చింది. అప్పటి నుంచీ అది నెత్తికెక్కలేదు. రెండిళ్ళ మధ్యా గిన్నెగానే తిరిగింది. చివరిసారి మా ఇంట్లో ఉండగా ఆయన పోయారు. తిరిగి పంపే వంతు మాదే, పుచ్చుకోవడానికి మనిషి లేడు. అందుకే వచ్చినవాళ్ళకల్లా అందులోంచే సున్నుండలు పెడతాను. నెయ్యి మరక తీయిస్తే మంచి ధర వస్తుందని తోటి టోపీలవాళ్ళు అంటారు. ఆ మరక కోసమే కదా దాన్ని దాచుకున్నది!

మొన్న ఇక్కడ మాస్టర్స్ చదువుతున్న కుర్రాడొకడు, చూడ్డానికి వచ్చిన వాళ్ళ అమ్మగారిని మా ఇంటికి తీసుకొచ్చాడు. ఆవిడకి ఉక్కపోసిందేమో, నేను మోజుపడి కొత్తగా తెప్పించుకున్న టోపీ తీసుకుని విసనకర్రలా విసురుకోవడం మొదలుపెట్టారు. కుర్రాడు ఎర్రబడిపోయి, ఆవిడకి అర్థం కాకుండా ఇంగ్లీషులో, "సారీ అంకుల్, షి డజంట్ నో..." అన్నాడు. నేను లేచి వాడి నోట్లో సున్నుండ కుక్కాను.

"ఏమంటున్నాడండీ మావాడు?" అన్నారావిడ.

"మీరు చేసే సున్నుండలు ఇంతకన్నా బాగుంటాయంటున్నాడమ్మా."

ఆవిడ నమ్మారో లేదో గాని, నవ్వారు. నా చెవులు మాత్రం ఆనాటిలాగే భగ్గుమన్నాయి. ఏ టోపీ అయినా ఇంట్లోకి రాగానే తీసి పక్కన పెడతాను. ఆ సిగ్గు ఒక్కటే నెత్తి దిగదు.